కాలేజీలో మెరిసిన క్వార్టర్‌బ్యాక్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో నిలబడతాడో లేదో ఎలా చెప్పాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: మీ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ఈ సీజన్‌లో 38 టచ్‌డౌన్ (స్కోరు తెచ్చే) పాస్‌లు వేశాడు. వేసిన బంతుల్లో 71 శాతం (దీన్నే కంప్లీషన్ అంటారు) వాటిని అందుకునే రిసీవర్ల చేతుల్లో పడ్డాయి. ప్రో లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్‌లు కాలేజీ కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో (ఒక్కో ఎంపిక ఒక పిక్) మొదటి రౌండులోనే పోతాడని క్యాంపస్‌లో అందరూ అంటున్నారు. మీ రూమ్మేట్ మాత్రం "వీడు సిస్టమ్ ప్లేయర్, కోచ్ పద్ధతి వల్లే మెరుస్తున్నాడు, ప్రో లీగ్‌లో ఏడాది తిరక్కుండా బెంచీ మీద కూర్చుంటాడు" అంటున్నాడు. రెండేళ్ల క్రితం గుంటూరు నుంచి వచ్చి, ఈ ఆట ఇప్పుడిప్పుడే అర్థమవుతున్న మీకు ఎవరి మాట నమ్మాలో తెలియడం లేదు.

ముందు జవాబు చెప్పేస్తాను. మీరు రాసిన అంకెలను బట్టి ఇద్దరిలో ఎవరిది రైటో చెప్పలేం. చూడాల్సింది ఒక్కటే: తను అనుకున్నది జరగనప్పుడు ఆ కుర్రాడు ఏం చేస్తున్నాడు? మొదట చూసిన రిసీవర్‌ను డిఫెన్స్ మూసేసినప్పుడు, తనను కాపాడే లైన్ కూలిపోయి 130 కిలోల మనిషి మీదికి వస్తున్నప్పుడు, స్కోరులో 10 పాయింట్లు వెనకబడినప్పుడు. అలాంటి ప్లేలు (బంతి కదిలి ఆగేదాకా ఒక ప్లే) ఒక మ్యాచ్‌కు పదో పన్నెండో ఉంటాయి. నాలుగు మ్యాచ్‌లు చూస్తే నలభై దాటతాయి. మిగతా నూట ఎనభై పక్కన పెట్టి ఆ నలభై చూడండి. ఆ తర్వాత ఎన్ని మ్యాచ్‌లు ఆడాడు, ఒత్తిడిలో ఎన్నిసార్లు బంతితో సహా పడిపోయాడు అన్నవి చూడండి. చెయ్యి బలం, ఎత్తు, పరుగు వేగం చివర్లో.

నేనెవరో కూడా చెప్పాలి కదా. టెక్సాస్‌లో ఉంటాను. పగలు ఐటీ ఉద్యోగం. మా అబ్బాయి హైస్కూల్ టీమ్‌లో చేరినప్పుడు వాళ్ల కోచ్‌కు ఫిల్మ్ (మ్యాచ్ వీడియో) విడదీసి ఇచ్చేవాళ్లు లేరని సరదాగా మొదలుపెట్టాను. అబ్బాయి ఆట మానేశాడు, నేను మానలేదు. పన్నెండేళ్లుగా సీజన్‌లో వారాంతాలు కాలేజీ మ్యాచ్‌లను ప్లే వారీగా చార్టింగ్ చేసే కాంట్రాక్టు పని చేస్తున్నాను. నేను స్కౌట్‌ను కాను. ఎవరిని తీసుకోవాలో ఏ టీమూ నన్ను అడగదు. నా పనల్లా ఒక్కో ప్లేను పదిసార్లు వెనక్కీ ముందుకూ తిప్పి రాయడం. కాబట్టి నేను చెప్పేది ఫిల్మ్ వైపు నుంచి చెప్పే మాట.

అంకెలు ఎందుకు మోసం చేస్తాయి

71 శాతం అన్నారు. బాగుంది. అందులో ఎన్ని బంతులు ప్లే మొదలయ్యే స్క్రిమేజ్ గీత వెనకే పడ్డాయి? స్క్రీన్ పాస్ అంటే దాదాపు పక్కవాడికి బంతి అందించడమే. ఆ తర్వాత 40 యార్డులు పరిగెత్తింది రిసీవర్, లెక్కలో పడేది క్వార్టర్‌బ్యాక్ ఖాతాలో. ఇక ఆర్‌పీఓ (పరుగో పాసో అప్పటికప్పుడు తేల్చుకునే ప్లే) అనే ఆట ఉంది. లైన్‌మెన్ పరుగు ఆటకు బ్లాక్ చేస్తూ ముందుకు పోతుంటారు, క్వార్టర్‌బ్యాక్ డిఫెన్స్‌లోని ఒక్క లైన్‌బ్యాకర్‌ను చూసి బంతి పరిగెత్తేవాడి చేతికిచ్చేయాలా విసరాలా అని తేల్చుకుంటాడు. కాలేజీ రూల్స్‌లో లైన్‌మెన్ 3 యార్డుల దాకా ముందుకు పోవచ్చు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క యార్డే. ఆ రెండు యార్డుల తేడాతో కాలేజీలో డిఫెండర్లు పూర్తిగా బోల్తా పడతారు, రిసీవర్ ఖాళీగా నిలబడి ఉంటాడు. అదే ప్లే ఆదివారం ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడితే అంత సుఖంగా ఉండదు.

ఇంకొకటి, చాలామంది గమనించరు. కాలేజీలో క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టినప్పుడు పోయిన యార్డులను పరుగు లెక్కలోంచి తీసేస్తారు, పాసింగ్ లెక్కలోంచి కాదు. అంటే బంతి పట్టుకుని అయిదు సెకన్లు నిలబడి పడిపోయినా కుర్రాడి పాసింగ్ అంకెలకు గీత పడదు. అతని అన్నిటికన్నా పెద్ద జబ్బు స్కోర్‌కార్డులో కనబడనే కనబడదన్న మాట.

మరో సంగతి. స్నాప్‌కు (బంతి చేతికి వచ్చే క్షణానికి) ముందు మీ కుర్రాడు సైడ్‌లైన్ వైపు తల తిప్పి చూస్తాడా? టీమంతా ఒకేసారి తలలు తిప్పి చూస్తుంది, కోచ్‌లు పెద్ద పెద్ద బొమ్మల అట్టలు ఎత్తి చూపిస్తుంటారు. డిఫెన్స్‌ను చదివింది కోచ్, పేపర్ రాసింది కుర్రాడు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో హెల్మెట్‌లో రేడియో ఉంటుంది కానీ ప్లే క్లాక్ (ప్లే మొదలుపెట్టడానికి ఇచ్చే గడువు) 15 సెకన్లకు రాగానే అది ఆగిపోతుంది. ఆ తర్వాత చెవిలో చెప్పేవాళ్లు ఉండరు. డిఫెన్స్ తన అసలు వేషం మార్చేది సరిగ్గా ఆ 15 సెకన్లలోనే. 2024 నుంచి పెద్ద కాలేజీలకు కూడా హెల్మెట్ రేడియో వచ్చింది కాబట్టి తలలు తిప్పడం కొంత తగ్గింది. అయినా ప్లేకు ముందు టీమంతా గుమిగూడే హడల్‌లో నిలబడి పదిహేను మాటల ప్లే పేరు తడబడకుండా చెప్పిన అనుభవం లేని కుర్రాళ్లు ఇప్పటికీ బోలెడుమంది డ్రాఫ్ట్‌కు వస్తున్నారు.

ఒక్క ప్లేలో ఏం చూడాలి

మాటల్లో చెబితే గాల్లో ఉంటుంది, కాబట్టి ఒక ప్లే తీసుకుందాం. మూడో డౌన్ (నాలుగు అవకాశాల్లో మూడోది), 8 యార్డులు కావాలి. డిఫెన్స్‌లో చివరి కాపలా కాసే ఇద్దరు సేఫ్టీలు బాగా వెనక, ఎడంగా నిలబడ్డారు. అంటే మధ్యలో జాగా ఉన్నట్టు. కుర్రాడు మనసులో అనుకున్నాడు: లోపలికి కోసుకొచ్చే స్లాట్ రిసీవర్‌కు వేస్తాను. స్నాప్ పడింది. ఒక సేఫ్టీ గబగబా కిందికి దిగి సరిగ్గా ఆ జాగాలో కూర్చున్నాడు. వేయాలనుకున్న దారి పోయింది. ఇప్పటికి గడిచింది ఒకటిన్నర సెకన్. కుడివైపు టాకిల్‌ను (లైన్ చివరివాణ్ణి) దాటుకుని, క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడానికి ఎడ్జ్ రషర్ వంపు తిరుగుతున్నాడు. ఇంకో సెకనుంది, అంతే.

ఇక్కడ మూడు రకాల కుర్రాళ్లు కనిపిస్తారు. మొదటివాడు ఎలాగూ వేసేస్తాడు. కాలేజీలో ఆ సేఫ్టీ ఓ క్షణం ఆలస్యంగా వస్తాడు, పాస్ పూర్తవుతుంది, స్టేడియం ఊగిపోతుంది. నా షీట్‌లో దానికి మైనస్. రెండోవాడి కళ్లు కిందికి దిగుతాయి. హెల్మెట్ ముందు జాలీ ఎటు తిరిగిందో చూడండి, చాలు. రిసీవర్లను వదిలేసి మీదికి వచ్చేవాణ్ణి చూస్తున్నాడంటే ఇక ఆ ప్లే అయిపోయినట్టే. పరిగెత్తి 12 యార్డులు సాధించినా సరే, నేను చిన్న ప్రశ్నార్థకం పెడతాను. మూడోవాడి వెనక కాలు నేలకు తగులుతుంది, ఒక చిన్న అడుగు ముందుకు వేస్తాడు, రషర్ అతని వెనక నుంచి దాటిపోతాడు, ఈ లోపల తల ఎడమకు తిరిగింది, అవతల 14 యార్డుల దగ్గర అడ్డంగా వస్తున్న రిసీవర్‌కు బంతి వెళ్లిపోయింది. కాళ్ల పని కాళ్లు చేస్తున్నాయి, కళ్లు పైనే ఉన్నాయి.

ఆ మూడో రకం పాస్‌ను రిసీవర్ వదిలేసినా నేను ప్లస్ వేస్తాను. బంతి చివరికి ఏమైందన్నది నా లెక్కలోకి రాదు.

టీవీ ప్రసారంలో ఇదంతా కనబడదు, కెమెరా బంతి వెంట పోతుంది. మీకు వీలైతే ఎండ్ జోన్ వెనక నుంచి తీసిన కోణం దొరికే క్లిప్పులు వెతకండి. దొరక్కపోతే రీప్లేలే గతి. వాటిలో కూడా పాదాలు, తల తెలుస్తాయి.

పడిపోవడం లైన్ తప్పేనా?

సాక్‌లు (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం) ఎక్కువైతే అందరూ లైన్‌ను తిడతారు. నిజానికి ఒత్తిడి ఎంత వచ్చిందన్నది లైన్ చేతిలో ఉంటుంది. ఆ ఒత్తిడి సాక్‌గా మారిందా లేదా అన్నది ఎక్కువ భాగం క్వార్టర్‌బ్యాక్ చేతిలో ఉంటుంది. అందుకే మేం వాడే లెక్క: ఒత్తిడి వచ్చిన ప్రతి వంద ప్లేలలో ఎన్ని సాక్‌గా ముగిశాయి. 15 లోపల ఉంటే హాయి. 20 దాటితే ఆలోచించాలి. 25 దాటిన కుర్రాడి మీద నా జేబులోంచి డబ్బు పెట్టను. కాలేజీ నుంచి ప్రో లీగ్‌కు యథాతథంగా వెంట వచ్చే అలవాట్లలో నా అనుభవంలో ఇదే మొదటిది. కాలేజీలో బంతి పట్టుకుని అటూ ఇటూ తిరిగి అద్భుతాలు చేసేవాడు ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వచ్చాక అదే చేయబోతాడు. ఇక్కడి డిఫెండర్లు ఆ తిరుగుడుకు టైమివ్వరు.

కేలబ్ విలియమ్స్ సంగతి చూడండి. యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ)లో అతను ప్లే చెడిపోయాక చేసే విన్యాసాలకు దేశమంతా చప్పట్లు కొట్టింది. 2024 డ్రాఫ్ట్‌లో షికాగో బేర్స్ మొట్టమొదటి పిక్‌గా తీసుకున్నారు. మొదటి ఏడాది 68 సార్లు సాక్ అయ్యాడు. లైన్ బలహీనమే, కాదనను. కానీ కొత్త హెడ్ కోచ్ బెన్ జాన్సన్ వచ్చి బంతి త్వరగా వదిలే ఆట నేర్పాక 2025లో ఆ సంఖ్య బాగా పడిపోయింది. అంటే మారని జబ్బేం కాదు. కానీ మందు వేసే డాక్టర్ కావాలి. అది కుర్రాడి చేతిలో లేని విషయం, చివర్లో మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

ఎన్ని మ్యాచ్‌లు ఆడాడు?

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలంటారు. క్వార్టర్‌బ్యాక్ విషయంలో ఆ సామెతను నమ్మి కొంప ముంచుకున్న టీమ్‌లు చాలా ఉన్నాయి. మిచెల్ ట్రుబిస్కీ నార్త్ కరోలినాలో మొదటి నుంచి ఆడింది 13 మ్యాచ్‌లు. 2017లో రెండో పిక్. ఆంథనీ రిచర్డ్‌సన్ ఫ్లోరిడాలో 13. 2023లో నాలుగో పిక్. ట్రే లాన్స్ నార్త్ డకోటా స్టేట్‌లో 17, అందులో 2020లో ఆడింది ఒకే ఒక్కటి. అతని కోసం 2021లో శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ మూడు మొదటి రౌండు పిక్‌లు పెట్టారు. 2019లో లాన్స్ 28 టచ్‌డౌన్ పాస్‌లు వేసి ఒక్క ఇంటర్‌సెప్షన్ (బంతి ఎదుటివాళ్ల చేతికి పోవడం) కూడా ఇవ్వలేదు. స్కోర్‌కార్డు అంటే అదీ! కానీ అతణ్ణి ఎవరూ ఇబ్బంది పెట్టలేదు. నేను చూడాలనుకునే ఆ నలభై ప్లేలు అతని ఫిల్మ్‌లో ఏరుకోవడమే కష్టమయింది.

అవతలి పక్క బ్రాక్ పర్డీ. అయోవా స్టేట్‌లో నాలుగేళ్లు స్టార్టర్. మంచివీ చెడ్డవీ అన్నీ ఫిల్మ్‌లో ఉన్నాయి, దాచడానికేం లేదు. 2022 డ్రాఫ్ట్‌లో ఆఖరి పిక్, 262. అదే ఫార్టీనైనర్స్‌ను రెండో ఏడాదికల్లా ఫైనల్ మ్యాచ్ సూపర్ బౌల్ దాకా తీసుకెళ్లాడు.

మ్యాచ్‌ల సంఖ్య ఎందుకు ముఖ్యమంటే, ఎదుటి కోచ్‌లకు ఇతని మీద ఫిల్మ్ దొరికాక ఏం జరిగిందన్నది తెలుస్తుంది. మొదటి ఏడాది ఎవరికీ తెలియని కుర్రాడు చెలరేగుతాడు. వేసవిలో పద్నాలుగు కాలేజీల కోచ్‌లు కూర్చుని అతని ఆట విప్పి చూస్తారు. రెండో ఏడాది సెప్టెంబరులో అతనికి ఇష్టమైన పాస్ దొరకదు. అప్పుడు కొత్తది నేర్చుకున్నాడా, లేదా? అదే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అతని రెండో ఏడాదికి రిహార్సల్.

రెండు జాగ్రత్తలు. క్యామ్ న్యూటన్ ఆబర్న్‌లో ఒక్క సీజనే ఆడి, 2011లో మొదటి పిక్ అయి, 2015లో ఎంవీపీ (ఆ సీజన్ అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు. అంటే తక్కువ మ్యాచ్‌లంటే ఓడిపోవడమని కాదు, మనకు తెలిసింది తక్కువ అని. రెండోది వయసు. కోవిడ్ వల్ల దొరికిన అదనపు ఏడాది, కాలేజీ మారే వీలిచ్చే ట్రాన్స్‌ఫర్ పోర్టల్, 2021 నుంచి కాలేజీలోనే సంపాదించుకునే వీలు, ఇవన్నీ కలిసి ఇప్పుడు 24 ఏళ్ల కుర్రాళ్లు 19 ఏళ్లవాళ్ల మీద ఆడుతున్నారు. పదో తరగతిలో రెండుసార్లు తప్పినవాడు క్లాసులో పొడుగ్గా కనబడటంలో వింతేముంది? మీ కుర్రాడు ఇప్పటి ఆటను 20 ఏళ్లప్పుడు ఏ మాత్రం ఆడేవాడో కూడా చూడండి.

గురి అంటే శాతం కాదు

జోష్ అలెన్ పేరు ఈ చర్చలో ఎవరో ఒకరు తప్పకుండా తెస్తారు. వయోమింగ్‌లో అతని కంప్లీషన్ 56 శాతం చుట్టూ తిరిగింది. 2018లో ఏడో పిక్. మొదటి ఏడాది బఫలో బిల్స్ టీమ్‌కు 52.8 శాతం. మూడో ఏడాది 69.2. 2024లో ఎంవీపీ. "చూశారా, గురి నేర్పొచ్చు" అంటారు. నేర్పొచ్చేమో, నేర్పింది మాత్రం ఒకరిద్దరికి. అలెన్ మీద ఆశతో ఇంకెందరికో మొదటి రౌండు పిక్‌లు తగలేశారు. లాటరీ కొట్టినవాడి ఫోటో చూసి టికెట్లు కొనుక్కునే వ్యవహారమది. రిచర్డ్‌సన్‌కు అలెన్ పోలికే తెచ్చారు. 2024లో అతని కంప్లీషన్ 47.7 శాతం.

నేను శాతం రాయను. బంతి అందుకున్న క్షణంలో రిసీవర్ ఏం చేయాల్సి వచ్చిందో రాస్తాను. పరుగు ఆపాడా? వంగాడా? వెనక్కి తిరిగాడా? లేక అడుగు తప్పకుండా పట్టుకుని పోతూనే ఉన్నాడా? కొన్నేళ్ల క్రితం ఒక చిన్న కాలేజీ కుర్రాడి ఫిల్మ్ చేశాను, పేరు అనవసరం. కంప్లీషన్ చాలా ఎక్కువ. 10 యార్డులు దాటిన పాస్‌లు మాత్రమే తీసి చూస్తే దాదాపు సగంలో రిసీవర్ పరుగు ఆపి వెనక్కి చేయి చాపుతున్నాడు. అతని రిసీవర్లు ఆ స్థాయికి చాలా మెరుగైనవాళ్లు, పట్టేస్తున్నారు. ఆ ఆగిన అర సెకనులో కాలేజీ డిఫెండర్ చేరుకోలేడు. పైస్థాయిలో చేరుకుంటాడు. ఆ కుర్రాడికి ఒక ఎన్‌ఎఫ్‌ఎల్ క్యాంపులో అవకాశం వచ్చింది, ఆగస్టు దాటేలోగా పంపేశారు.

చెయ్యి, ఎత్తు, అరచెయ్యి

చెయ్యి బలం కావలసినంత ఉందా లేదా అని చూడండి, అంతకు మించితే బోనస్. ఎలా చూడాలంటే, కాలేజీ మైదానంలో బంతి పెట్టే హ్యాష్ గుర్తుల మధ్య దూరం 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పద్దెనిమిదిన్నర. కాబట్టి కాలేజీలో బంతి ఒక హ్యాష్ మీద ఉన్నప్పుడు అవతలి సైడ్‌లైన్‌కు వేసే 15 యార్డుల అవుట్ పాస్ నిజంగా పొడుగు పాస్. ఆ బంతి సూటిగా, తేలకుండా పోయిందా? పోతే ఆ పరీక్ష ముగిసింది. 60 యార్డుల బాంబులు యూట్యూబ్ కోసం. 2007లో రెయిడర్స్ మొదటి పిక్‌గా తీసుకున్న జమార్కస్ రసెల్ మోకాళ్ల మీద కూర్చునే 60 యార్డులు విసరగలడని పేరు. మూడు సీజన్లలో 18 టచ్‌డౌన్లు, 23 ఇంటర్‌సెప్షన్లు వేసి లీగ్ నుంచే వెళ్లిపోయాడు.

ఎత్తు గురించి, పొట్టిగా ఉండి కూడా గెలిచిన డ్రూ బ్రీస్, రసెల్ విల్సన్ తర్వాత పెద్దగా చెప్పక్కర్లేదు. అరచేతి కొలత గురించి ప్రతి ఫిబ్రవరిలో జరిగే గోల వినోదం కోసం వినండి.

ప్రో డే అంటారు చూశారూ, మార్చిలో కాలేజీలోనే పెట్టుకునే ప్రదర్శన, అది అచ్చంగా పెళ్లిచూపులు. మైదానం తనది, రిసీవర్లు తనవాళ్లు, ఏ పాస్ తర్వాత ఏ పాస్ వేయాలో నెల ముందే రాసుకున్న వరస. ఎదురుగా డిఫెండర్ ఉండడు. 2021లో జాక్ విల్సన్ ఎడమకు పరిగెడుతూ ఒళ్లు మెలితిప్పి వేసిన పొడుగు పాస్ దేశమంతా తిరిగింది. జెట్స్ రెండో పిక్‌గా తీసుకున్నారు. మూడు సీజన్ల తర్వాత వదిలించుకున్నారు. పెళ్లిచూపుల్లో కాఫీ బాగా కలిపిందని సంసారం ఎలా సాగుతుందో చెప్పగలమా?

బుర్ర సంగతి

12 నిమిషాల్లో 50 ప్రశ్నల వండర్లిక్ పరీక్ష ఒకటి ఏళ్ల తరబడి పెట్టి, 2022లో కంబైన్‌లో (డ్రాఫ్ట్‌కు ముందు కుర్రాళ్లను పరీక్షించే శిబిరంలో) ఆపేశారు. ఆ తర్వాత ఎస్2 అనే కంప్యూటర్ పరీక్ష వార్తల్లోకి వచ్చింది. 2023లో సీజే స్ట్రౌడ్‌కు అందులో చాలా తక్కువ వచ్చిందని బయటికి పొక్కింది, నానా రభసా అయింది. ఆ ఏడాది అతను టెక్సన్స్‌కు 23 టచ్‌డౌన్లు వేసి 5 ఇంటర్‌సెప్షన్లే ఇచ్చి రూకీ (మొదటి ఏడాది ఆటగాడి) అవార్డు కొట్టుకుపోయాడు. ఒహాయో స్టేట్‌లో అతని చివరి మ్యాచ్, జార్జియా డిఫెన్స్ మీద ఆడిన సెమీఫైనల్, ఫిల్మ్ చూసినవాళ్లకు అంత కంగారు ఉండేది కాదు.

టీమ్‌లు ఇప్పటికీ చేసే మంచి పని తెల్లబోర్డు ఇంటర్వ్యూ. కొత్త ప్లే ఒకటి నేర్పుతారు, అరగంట ఇంకేవో కబుర్లు చెబుతారు, ఇందాకటిది ఇప్పుడు గీసి చూపించు అంటారు. మనకు ఆ గదిలోకి ప్రవేశం లేదు. దానికి బదులు ఇంటర్‌సెప్షన్ ఇచ్చిన తర్వాతి ప్లే చూడండి. 2019 జనవరి 1న ఫియస్టా బౌల్, ఎల్‌ఎస్‌యూ, యూసీఎఫ్ కాలేజీల మ్యాచ్ దొరికితే చూడండి. ఎల్‌ఎస్‌యూ క్వార్టర్‌బ్యాక్ జో బరో బంతి ఇంటర్‌సెప్ట్ అయి టచ్‌డౌన్‌కు పోతోంది, వెంట పడబోయిన బరోను పక్కనుంచి ఒకడు గుద్దిన గుద్దుకు కింద పడి లేవడమే కష్టమయింది. లేచాడు. ఆ మ్యాచ్‌లోనే నాలుగు టచ్‌డౌన్లు వేసి గెలిపించాడు. ఆ సీజన్ మొత్తం మీద అతని కంప్లీషన్ 57.8 శాతం, ఎవరూ మొదటి రౌండు అనలేదు. తర్వాతి ఏడాది 76.3 శాతం, 60 టచ్‌డౌన్లు, ఛాంపియన్‌షిప్, 2020 డ్రాఫ్ట్‌లో మొదటి పిక్. "ఒక్క ఏడాది గాలివాటం" అన్నవాళ్లు అంతకుముందు ఏడాది ఫిల్మ్ చూడనివాళ్లు.

నేను బోల్తా పడిన చోటు

అన్నీ తెలిసినవాడిలా చెబుతున్నాను కదా, ఇది కూడా వినండి. 2016 అక్టోబరులో లబక్‌లో టెక్సస్ టెక్, ఓక్లహోమా మ్యాచ్. ఓక్లహోమాకు బేకర్ మేఫీల్డ్, టెక్సస్ టెక్‌కు ప్యాట్రిక్ మహోమ్స్. మహోమ్స్ ఒక్క మ్యాచ్‌లో 734 పాసింగ్ యార్డులు సాధించి కూడా 66-59తో ఓడిపోయాడు. నేను ఆ మ్యాచ్ ఫిల్మ్ రెండు రాత్రులు కూర్చుని చేశాను. నా పాత నోట్‌బుక్‌లో ఇప్పటికీ ఉంది: "పాదాలు కుదురుగా ఉండవు. ఎటు పడితే అటు వంగి విసురుతాడు. జూదం. మూడో రౌండు."

మైనస్‌లు వేసుకుంటూ పోయాను. పాదాలు కుదురుగా లేని ప్రతి పాస్‌కూ ఒకటి. నేను అడగాల్సిన ప్రశ్న అడగలేదు: ఇంతకీ ఆ రిసీవర్‌ను చూశాడా లేదా? తర్వాత తీసి చూస్తే దాదాపు ప్రతిసారీ చూశాడు. అనుకున్న దారి మూసుకున్నాక రెండోది, మూడోది వెతుక్కుని, కాళ్లు సర్దుకునే టైము లేక ఉన్నచోటి నుంచే వేశాడు. నేను జూదం అన్నది నిజానికి సమస్యకు అతను వెతుక్కున్న సమాధానం. మొదట్లో మీకు చెప్పిన ఆ మూడు రకాల పద్ధతి నేను ఆ దెబ్బ తిన్నాకే మొదలుపెట్టాను.

కాన్సస్ సిటీ వాళ్లు 27వ స్థానం నుంచి 10వ స్థానానికి ఎగబాకి మరీ అతణ్ణి తీసుకున్నారు. తీసుకుని ఆడించలేదు. కోచ్ ఆండీ రీడ్ ఆ 2017 సీజనంతా పాత క్వార్టర్‌బ్యాక్ అలెక్స్ స్మిత్ వెనక కూర్చోబెట్టి, చివరి మ్యాచ్ ఒక్కటి ఇచ్చాడు. తర్వాతి ఏడాది 50 టచ్‌డౌన్లు, ఎంవీపీ. అదే కుర్రాణ్ణి ఏటా కోచ్‌ను మార్చే టీమ్ తీసుకుని మొదటి ఆదివారమే గోదాలోకి తోసి ఉంటే? నాకు నమ్మకం లేదు.

ఎక్కడ పడతాడన్నదే సగం

అందుకే మీ రూమ్మేట్‌తో పందెం కాయకండి. 2021లో మొదటి రౌండులో అయిదుగురు క్వార్టర్‌బ్యాక్‌లు పోయారు. మూడు సీజన్లు గడిచేసరికి తీసుకున్న టీమ్‌లోనే మిగిలింది ట్రెవర్ లారెన్స్ ఒక్కడే. 2018లో మూడో పిక్ అయిన శామ్ డార్నాల్డ్ జెట్స్‌లో తేలిపోయాడన్నారు. టీమ్‌లు మారి మారి 2024లో మిన్నెసోటా వెళ్లి 14 మ్యాచ్‌లు గెలిపించాడు. కుర్రాడు అతనే, చెయ్యి అదే. చుట్టూ ఉన్న మనుషులు మారారు.

మొదటి రౌండులో పోతాడా అన్నది మళ్లీ వేరే ప్రశ్న. అది ఆ ఏడాది ఎన్ని టీమ్‌లకు క్వార్టర్‌బ్యాక్ కరువుందన్న దాన్ని బట్టి ఉంటుంది. 2022లో మొదటి రౌండులో ఒక్క కెనీ పికెట్ మాత్రమే పోయాడు, 2024లో ఆరుగురు పోయారు. 2025లో మొదటి రౌండు ఖాయమని చాలామంది అనుకున్న షెడూర్ సాండర్స్ అయిదో రౌండు దాకా, 144వ పిక్ దాకా ఎదురుచూశాడు.

ఇక మీరు చేయాల్సింది. మీ కుర్రాడి టీమ్ ఈ ఏడాది రెండు మ్యాచ్‌లు ఓడిందని రాశారు. ముందు ఆ రెండూ. తర్వాత వాళ్లు ఎదుర్కొన్నవాటిలో గట్టి డిఫెన్స్ ఉన్న టీమ్‌తో ఒకటి, పరాయి మైదానంలో లక్ష మంది అరుస్తుండగా ఆడింది ఒకటి. 50-10తో గెలిచినవి ముట్టుకోవద్దు. మూడో డౌన్‌లో 6 యార్డులకు పైన కావలసిన ప్లేలు, ఒత్తిడి వచ్చిన ప్లేలు మాత్రమే చూడండి. కాగితం మీద నాలుగు గడులు గీసుకోండి: మొదటి రిసీవర్ మూసుకున్నాడా, కళ్లు పైనున్నాయా, పాదాలు ఏం చేశాయి, బంతి అందుకున్నప్పుడు రిసీవర్ ఆగాడా. ఫలితం రాయొద్దు. ఒక్కో మ్యాచ్‌కు రెండు గంటలు పడుతుంది, మొదటిదానికి నాలుగు.

నలభై ప్లేలు అయ్యాక కాగితం ఫోటో తీసి ఇక్కడే పెట్టండి. పేరు చెప్పకుండానే పెట్టండి, నాకూ ముందే ఒక అభిప్రాయం ఉంటే అది అడ్డం వస్తుంది.